చూపు లేకుండా హైదరాబాద్‌లో తిరగడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నాకు రెటినైటిస్ పిగ్మెంటోసా, చూపు మెల్లమెల్లగా తగ్గిపోయే కంటి జబ్బు. ఇరవై ఏడో ఏట రాత్రిపూట రోడ్డు కనపడడం మానేసింది, ముప్పై మూడు వచ్చేసరికి పగలూ అంతే. ఇప్పుడు లైటు వెలుగుతోందో లేదో మాత్రం తెలుస్తుంది. పదకొండేళ్లుగా నల్లకుంట నుంచి తెల్ల కర్రతో ఆఫీసుకి వెళ్లి వస్తున్నాను. కొత్తగా చూపు పోయినవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు, రోడ్డు మీద నన్ను దాటించినవాళ్లు ఇన్నేళ్లుగా ఇవే సందేహాలు అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

## చూపు తగ్గుతున్న రోజుల్లో

నాకు ఇంకా కొంచెం కనపడుతోంది. ఇప్పుడే కర్ర ఎందుకు?

కొంచెం కనపడుతున్నప్పుడే నేర్చుకోవడం సులువు కాబట్టి. కర్ర చెప్పేదీ కన్ను చెప్పేదీ పోల్చుకుంటూ నేర్చుకుంటారు, చెయ్యికి నమ్మకం కుదురుతుంది. నేను సిగ్గుతో రెండేళ్లు వాయిదా వేశాను. ఒక రాత్రి పైపు కోసం తవ్వి వదిలేసిన గుంతలో పడి మణికట్టు విరిగాక గానీ కర్ర పట్టలేదు. మడిచి సంచిలో పెట్టుకునే కర్రలు ఉన్నాయి. పగలు అవసరం లేకపోతే లోపల ఉంచండి, చీకటి పడ్డాక తీయండి. కర్ర మీకు నేల గురించి చెప్తుంది, ఎదురుగా వచ్చే బైకువాడికి మీ గురించి చెప్తుంది. ఆ రెండో పని కోసమైనా పట్టుకోవాలి.

మా నాన్నకి గ్లకోమాతో చూపు పోయింది. బయటికి పంపాలంటే భయం. ఇంట్లోనే ఉంచితే మంచిది కదా?

మీ భయం నాకు అర్థమవుతుంది, మా అమ్మ కూడా అలాగే ఏడ్చింది. కానీ నెలల తరబడి మంచం మీద కూర్చున్న మనిషికి నడుము పడిపోతుంది, నిద్ర పట్టదు, మాట తగ్గిపోతుంది. ముందు ఇంట్లో మొదలుపెట్టండి. కుర్చీలు, బిందెలు, చెప్పులు రోజూ ఒకేచోట ఉండాలి. తలుపులు పూర్తిగా తెరిచి గానీ పూర్తిగా మూసి గానీ ఉంచండి, సగం తెరిచిన తలుపు అంచే నుదుటికి తగులుతుంది. తర్వాత గేటు దాకా, ఆపైన కిరాణా కొట్టు దాకా మీరు వెనకాలే ఉండి నడవనివ్వండి. పాల ప్యాకెట్టు తనే వెళ్లి తెచ్చిన రోజు ఆయన గొంతు ఎలా ఉంటుందో వినండి.

కర్రతో నడవడం ఎక్కడ నేర్పుతారు?

దీన్ని మొబిలిటీ ట్రైనింగ్ అంటారు. బంజారాహిల్స్‌లో 1987 నుంచి ఉన్న ఎల్ వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చికిత్సతో పాటు పునరావాస విభాగం కూడా ఉంది. ఇక ఆపరేషన్‌తో లాభం లేదని డాక్టరు చెప్పిన రోజే 'రీహాబ్ ఎక్కడ?' అని అడగండి. పిల్లలైతే బేగంపేటలోని దేవనార్ అంధుల పాఠశాల లాంటి చోట్ల చదువుతో పాటే నడక కూడా నేర్చుకుంటారు. చూసి నేర్చుకునే విద్య కాదిది. వీడియో విని మొదలుపెట్టకండి, మొదటి కొన్ని వారాలు పక్కన శిక్షకుడు ఉండి తీరాలి.

వికలాంగుల సర్టిఫికెట్ రావాలంటే పూర్తిగా కనపడకుండా ఉండాలా?

అక్కర్లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో అంధత్వం వేరు, లో విజన్ వేరు, రెండూ ఉన్నాయి. మెరుగ్గా ఉన్న కంటికి అద్దాలు పెట్టాక కూడా చూపు 3/60 కంటే తక్కువైతే అంధత్వం. అంటే మామూలు చూపున్నవాళ్లు 60 మీటర్ల నుంచి పోల్చుకునేది మనం 3 మీటర్ల దగ్గరికి వచ్చినా పోల్చుకోలేకపోవడం. చుట్టూ కనపడే పరిధి 10 డిగ్రీల లోపు కుంచించుకుపోయినా అంధత్వమే, సూటిగా చూస్తే అక్షరాలు కనపడుతున్నా సరే. చాలా పథకాలకి 40 శాతం వైకల్యం ఉండాలి. మన దగ్గర అందరూ సదరం సర్టిఫికెట్ అనే అంటారు. దేశమంతా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ, దానికి స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవాలి. ఆ కార్డు ఫోటో ఫోన్లో, ఒక కాపీ సంచిలో ఎప్పుడూ ఉంచుకోండి.

## కర్ర చేతికి వచ్చాక

కర్ర ఎంత పొడవు ఉండాలి? ఎలా ఆడించాలి?

నిటారుగా నిలబడితే రొమ్ము ఎముక దాకా రావాలి, వేగంగా నడిచేవాళ్లకి ఇంకాస్త పొడవు మంచిది. ముసలివాళ్లు ఊతానికి వాడే కర్ర వేరు, దీని మీద బరువు వేయకూడదు. పిడిని బొడ్డు ఎదురుగా పట్టుకుని, భుజాల వెడల్పు కంటే కాస్త ఎక్కువగా అటూ ఇటూ ఆడించాలి. కుడి అడుగు ముందుకి పడేటప్పుడు కర్ర మొన ఎడమ వైపు నేలని తాకాలి, ఎడమ అడుగుకి కుడి వైపు. అంటే రాబోయే అడుగు ఎక్కడ పడుతుందో అక్కడ కర్ర ముందే తట్టి చూసి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1944లో అమెరికాలో రిచర్డ్ హూవర్ ఈ పద్ధతి తెచ్చాడు. అప్పటినుంచి ప్రపంచమంతా ఇదే నేర్పుతోంది.

కర్రకి తెల్ల రంగే ఎందుకు?

బండ్లు నడిపేవాళ్లకి కనపడాలని. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ప్రమాదంలో చూపు పోయిన జేమ్స్ బిగ్స్ అనే ఫోటోగ్రాఫర్ 1921లో తన చేతికర్రకి తెల్ల రంగు వేసుకున్నాడు. తెలుపు మీద ఎర్ర పట్టీలుంటే చాలా దేశాల్లో ఆ మనిషికి చూపుతో పాటు వినికిడి కూడా లేదని గుర్తు. ఏటా అక్టోబర్ 15 తెల్ల కర్ర దినం.

సెన్సర్ ఉన్న స్మార్ట్‌కేన్ కొంటే సరిపోతుందా?

మామూలు కర్రతో బాగా నడవడం వచ్చాక కొనండి. మామూలు కర్ర మోకాలి కింద ఉన్నవి మాత్రమే చెప్తుంది. ఎండాకాలం మన గల్లీల్లో కిటికీలకి బిగించే కూలర్లు సరిగ్గా తల ఎత్తులో బయటికి పొడుచుకుని ఉంటాయి. కర్ర వాటి కింద నుంచి హాయిగా వెళ్లిపోతుంది, దెబ్బ నుదుటికి తగులుతుంది. నా కనుబొమ మీద ఒక కుట్టు అలా పడిందే. ఆగి ఉన్న లారీ వెనక భాగం కూడా అంతే. ఢిల్లీ ఐఐటీవాళ్లు తయారుచేసి 2014లో తెచ్చిన స్మార్ట్‌కేన్ ఇలాంటి వాటినే శబ్ద తరంగాలతో 3 మీటర్ల లోపు పసిగట్టి పిడిలో వణుకు పుట్టిస్తుంది. కానీ గుంతలు చెప్పదు. కింద కర్ర మొన తట్టాల్సిందే.

## గల్లీ నుంచి మెయిన్ రోడ్డు దాకా

దారి ఎలా గుర్తుంటుంది? అడుగులు లెక్కపెడతారా?

మొదట్లో లెక్కపెట్టాను. ఎవరైనా 'ఏమన్నా, బాగున్నావా' అంటే చాలు, లెక్క తప్పిపోయేది. ఇప్పుడు గుర్తులతో నడుస్తాను.

మా గేటు దిగగానే ఎడమ వైపు ఒక పొడవాటి గోడ. కర్ర దాని అడుగున తగులుతూ వస్తుంది. గోడ అయిపోయిన చోట చెంపకి గాలి కొడుతుంది, అప్పటిదాకా దగ్గరగా వినపడిన కర్ర చప్పుడు పలచబడి దూరంగా పోతుంది. అంటే అక్కడ అడ్డగల్లీ ఉంది. అది దాటితే గిర్నీ. కారం పట్టే రోజు తుమ్ములొస్తాయి, గోధుమలు పట్టే రోజు వెచ్చటి పిండి వాసన. ఆ తర్వాత నేల కొంచెం పల్లంగా దిగి, మోరీ మీద ఇనప జాలీ వస్తుంది, కర్ర మొన దాని మీద గల్లుమంటుంది. అక్కడ కుడికి తిరగాలి. పది గజాల్లో ఇరానీ హోటల్, సాసర్ల చప్పుడు, మరిగిన చాయ్ వాసన. పక్కనే బస్టాపు.

నేను దెబ్బ తిని నేర్చుకున్నది ఒకటుంది. మా గిర్నీకి ఆదివారం సెలవు. ఒంటరిగా బయల్దేరిన మొదటి ఆదివారం ఆ మోత కోసం వింటూ వింటూ ముందుకెళ్లిపోయి, ఎవరిదో అరుగుకి తగిలాను. 'ఎవరింటికి నాయనా?' అని ఒక పెద్దావిడ అడిగేదాకా ఎక్కడున్నానో తెలియలేదు. అప్పటినుంచి ప్రతి మలుపుకీ ఎన్నడూ కదలని గుర్తు ఒకటి పెట్టుకుంటాను: జాలీ, వాలు, గోడ చివర, కరెంటు స్తంభం. చప్పుళ్లూ వాసనలూ దానికి తోడు మాత్రమే.

వినాయక చవితికి పందిళ్లు వేస్తే, రోడ్డు తవ్వితే దారి మారిపోదా?

మారిపోతుంది. అందుకే ప్రతి చోటుకీ రెండు దార్లు నేర్చుకోవాలి. పందిరి వేసే కుర్రాళ్లకి ముందే చెప్పి పెడతాను, కర్ర చప్పుడు వినగానే వాళ్లే 'అన్నా, తాళ్లున్నయ్, ఇటు రా' అని కేకేస్తారు.

ఫుట్‌పాత్ మీద పసుపు రంగు గరుకు టైల్స్ దేనికి?

మాకోసం. పొడవు గీతలున్న టైలు 'ఇటే నడువు' అంటుంది. గుండ్రటి బుడిపెలున్నది 'ఆగు, ముందు మెట్లో అంచో ఉంది' అంటుంది. జపాన్‌కి చెందిన సెయిచి మియాకే ఆలోచన ఇది. మొదటిసారి 1967 మార్చి 18న ఒకయామా నగరంలో అంధుల పాఠశాల దగ్గర పరిచారు. పలచటి అడుగున్న చెప్పులు వేసుకుంటే గీతలూ బుడిపెలూ పాదానికి బాగా తెలుస్తాయి. నగరంలో చాలాచోట్ల ఇవి అందం కోసం పరిచినట్టు ఉంటాయి, గీతల వెంట నడిస్తే తిన్నగా స్తంభానికో చెట్టుకో తీసుకెళ్తాయి. కొత్తచోట వాటిని గుడ్డిగా నమ్మకండి, కర్ర ఆడిస్తూనే వెళ్లండి.

రోడ్డు ఎలా దాటుతారు?

విని దాటుతాం. సిగ్నల్ దగ్గర నేను వెళ్లాల్సిన దిక్కుకే వెళ్లే బండ్లు ఒక్కసారిగా కదిలిన చప్పుడు వస్తే, నాకు అడ్డంగా వెళ్లేవి ఆగాయని అర్థం. ఆ మొదటి క్షణంలోనే బయల్దేరాలి. భుజాలు ఫుట్‌పాత్ అంచుకి సమానంగా పెట్టుకోకపోతే, తిన్నగా నడుస్తున్నాననుకుంటూనే చౌరస్తా మధ్యలోకి వెళ్లిపోతాం.

పుస్తకంలో పద్ధతి ఇదే. మన చౌరస్తాల్లో ఫ్రీ లెఫ్ట్ ఉంటుంది, ఎర్ర లైటు పడినా ఎడమకి తిరిగే బండ్లు ఆగవు. రాంగ్ రూట్‌లో బైకులొస్తాయి. ఎలక్ట్రిక్ స్కూటర్లు చెవికి తెలియవు. అందుకే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ లాంటి చోట నేను ఒంటరిగా దాటను. మీరూ దాటొద్దు. కర్ర ముందుకి కనపడేలా పెట్టి, 'ఎవరైనా రోడ్డు దాటుతున్నారా?' అని గట్టిగా అడుగుతాను. 'దాటిస్తారా' కంటే ఈ మాటకి జనం తొందరగా పలుకుతారు, ఎందుకంటే వాళ్లూ దాటుతూనే ఉంటారు.

ఇంకో ఉపాయం ఉంది. మెట్రో స్టేషన్‌కి రోడ్డుకి రెండు వైపులా మెట్లుంటాయి. ఇటు ఎక్కి, టికెట్ గేట్ల బయటి నుంచే అటు దిగొచ్చు. ఉప్పల్ చౌరస్తాలో 2023లో తెరిచిన స్కైవాక్ కూడా ఇలాంటి అవసరానికే. సమయం ఎక్కువ పడుతుంది, టెన్షన్ ఉండదు.

వానొస్తే?

ఆగిపోతాను. రేకుల మీద వాన చప్పుడుకి మిగతా చప్పుళ్లన్నీ మునిగిపోతాయి, నీళ్ల కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో కర్ర కూడా చెప్పలేదు. చూపున్నవాళ్లకే ప్రమాదం అది. ఆఫీసుకి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పండి.

## బస్సు, మెట్రో, ఆటో, రైలు

వచ్చేది ఏ నంబరు బస్సో ఎలా తెలుస్తుంది?

అడిగి తెలుసుకోవాలి, వేరే దారి లేదు. బస్టాపులో పక్కవాళ్లకి ముందే నంబరు చెప్పి పెట్టుకోవాలి. ఒక్కరికే చెప్తే వాళ్ల బస్సు ముందొచ్చి వెళ్లిపోతారు, ఇద్దరికి చెప్పండి. బస్సు ఆగాక తలుపు దగ్గర ఇంకోసారి అడిగి ఎక్కండి. సిటీ బస్సుల్లో ముందు తలుపు ఆడవాళ్లది, వెనకది మగవాళ్లది. కానీ నేను ముందు నుంచే ఎక్కుతాను. డ్రైవరుకి కర్ర కనపడితే నేను ఎక్కి కడ్డీ పట్టుకునేదాకా బండి కదపడు. మొదట్లో ఆడవాళ్లు ఏమనుకుంటారోనని మొహమాటపడ్డాను. ఇన్నేళ్లలో ఎవరూ ఒక్క మాట అనలేదు, పైగా సీటు చూపిస్తారు. దిగాల్సిన స్టాపు కండక్టరుకి చెప్పండి, మీరూ మలుపులు, ఫ్లైఓవర్ ఎక్కడం దిగడం గమనిస్తూ ఉండండి.

మెట్రోలో ఒంటరిగా వెళ్లొచ్చా?

నగరంలో నేను నిశ్చింతగా తిరగగలిగేది మెట్రోలోనే. 2017 నవంబర్‌లో మొదలైనప్పటి నుంచి నా ఆఫీసు ప్రయాణం సగం దాని మీదే. లిఫ్ట్ బటన్ల మీద బ్రెయిలీ ఉంటుంది, ప్లాట్‌ఫారం మీద గరుకు టైల్స్ ఉంటాయి, రైల్లో ప్రతి స్టేషన్ పేరూ ముందే చెప్తారు. రద్దీలో మాట వినపడకపోయినా లెక్క ఉంటుంది: అమీర్‌పేటలో ఎర్ర లైను ఎక్కి నాంపల్లిలో దిగాలంటే పంజాగుట్ట, ఎర్రమంజిల్, ఖైరతాబాద్, లక్డీకాపూల్, అసెంబ్లీ, ఆరోది నాంపల్లి.

రెండు జాగ్రత్తలు. ఇక్కడ ప్లాట్‌ఫారం అంచున అద్దాల తలుపులు లేవు. కాలికి బుడిపెలు తగలగానే ఆగండి, రైలు వచ్చి తలుపులు తెరుచుకున్న చప్పుడు వినేదాకా అడుగు వేయకండి. ఎక్కేటప్పుడు కర్రతో ముందు రైలు నేలని తాకి చూసి, ఆ తర్వాతే కాలు పెట్టాలి. ఎదురుగా వినపడుతోంది అవతలి ప్లాట్‌ఫారం రైలు కూడా కావచ్చు. రెండోది, అమీర్‌పేటలో లైన్ మారడం. అంతస్తులు మారాలి, జనం తోసుకుంటూ వస్తారు. మొదటి నాలుగైదు సార్లు సిబ్బందిని అడగండి, తోడుగా వస్తారు.

ఆటో, క్యాబ్ ఎలా ఎక్కుతారు?

బుక్ చేయగానే డ్రైవరుకి ఫోన్ చేసి, 'భయ్యా, నాకు చూపు లేదు, తెల్ల కర్ర పట్టుకుని ఫలానా మెడికల్ షాపు ముందు ఉన్నా, మీరే వచ్చి పిలవాలి' అని చెప్తాను. ఈ ఒక్క ఫోన్ చేయకపోతే పది నిమిషాలు ఒకళ్లనొకళ్లు వెతుక్కుంటారు. వచ్చింది మీ బండేనా అని తెలియడానికి, బుక్ చేసిన పేరు వాళ్లనే చెప్పనివ్వండి, మీ పేరు మీరు చెప్పకండి. దారి పొడవునా ఫోన్లో మ్యాప్ మాట వింటూ కూర్చోండి.

ఫోనే దారి చెప్తుంది కదా, ఇక కర్ర ఎందుకు?

ఫోన్లో టాక్‌బ్యాక్ గానీ వాయిస్‌ఓవర్ గానీ ఆన్ చేస్తే తెర మీద ఉన్నదంతా చదువుతుంది, మ్యాప్ మలుపులు చెప్తుంది. కానీ జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ తప్పుతుంది. కొన్ని మీటర్లంటే ఫుట్‌పాత్‌కీ రోడ్డుకీ ఉన్న తేడా. వీధి దాకా ఫోను, గుమ్మం దాకా కర్ర. బోర్డు చదవాల్సి వస్తే 2015లో వచ్చిన బీ మై ఐస్ యాప్‌లో చూపున్న వలంటీరు మీ కెమెరాలో చూసి చెప్తారు. నడిచేటప్పుడు రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఎప్పుడూ పెట్టుకోకండి.

టికెట్‌కి డబ్బులిచ్చేటప్పుడు నోట్లు ఎలా పోల్చుకుంటారు?

పొడవుతో. కొత్త 100 నోటు 142 మిల్లీమీటర్లు, 200 నోటు 146, 500 నోటు 150. వేళ్ల మధ్య పెట్టి కొలవడం అలవాటైతే నాలుగు మిల్లీమీటర్ల తేడా తెలుస్తుంది. 500 నోటు అంచుల్లో ఐదు ఉబ్బెత్తు గీతలుంటాయి, 100కి నాలుగు. నలిగిన నోట్ల మీద అవి అరిగిపోతాయి. అప్పుడు రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన మణి యాప్‌కి చూపిస్తే ఇంటర్నెట్ లేకపోయినా ఎంత నోటో చెప్తుంది.

రైల్లో రాయితీ ఎంత?

చూపు పూర్తిగా లేనివాళ్లకి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్ ధర మీద 75 శాతం, సెకండ్ ఏసీలో 50 శాతం. తోడు వచ్చే ఒకరికీ అంతే. రాజధాని, శతాబ్ది లాంటి వాటిలో తక్కువ.

## సాయం చేయాలనుకునేవాళ్ల కోసం

రోడ్డు దాటించాలంటే చెయ్యి ఎలా పట్టుకోవాలి?

మీరు పట్టుకోకండి, మీ మోచెయ్యి మాకివ్వండి. ముందు మాట: 'సార్, సాయం కావాలా?' కావాలంటే మీ చెయ్యి వెనక భాగం మా చేతికి తాకించండి, మోచేతి పైన మేము పట్టుకుని అర అడుగు వెనక నడుస్తాం. మీ ఒంటి కదలికలోనే మెట్టు, మలుపు మాకు తెలుస్తాయి. వెనక నుంచి భుజాలు పట్టి తోస్తే గుంతలోకి ముందు మేమే వెళ్తాం. కర్ర మొన పట్టుకుని లాగడం అన్నిటికంటే ఘోరం, మీ కళ్లు మూసి లాక్కెళ్లినట్టు ఉంటుంది.

మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగి 'పైకి' అనో 'కిందికి' అనో చెప్పండి. 'అక్కడ', 'ఇటు' అంటే మాకు తెలియదు. 'మీ కుడి వైపు నాలుగడుగులు' అనండి. కుర్చీ చూపించాలంటే మా చెయ్యి కుర్చీ వీపు మీద పెట్టండి చాలు. వెళ్లిపోయేటప్పుడు 'వెళ్తున్నా' అని చెప్పి వెళ్లండి. లేకపోతే ఖాళీ గాలితో మాట్లాడుతూ నిలబడిపోతాం.

సాయం చేస్తానంటే వద్దన్నారు. కోపమొచ్చిందా?

లేదు. బహుశా చప్పుళ్లు వింటూ దారి లెక్క వేసుకుంటున్నారు. ఇంకోసారి ఇంకొకరిని తప్పకుండా అడగండి.

చేతిలో తెల్ల కర్ర ఉంది, ఫోన్ మాత్రం చూస్తున్నాడు. నాటకమా?

తెల్ల కర్ర పట్టుకున్న చాలామందికి కొంత చూపు ఉంటుంది. కొందరికి గొట్టంలోంచి చూసినట్టు నడిమి భాగం మాత్రమే కనపడుతుంది. వాళ్లు ఫోన్లో అక్షరాలు చదవగలరు, కాలి దగ్గర రాయి చూడలేరు. కొందరికి పగలు బాగా కనపడి, దీపాలు పెట్టే వేళకి ఏమీ కనపడదు. నన్ను ఒకసారి బస్సులో ఇదే మాట అని సీట్లోంచి లేపారు. దిగేదాకా నిలబడే ఉన్నాను, ఆ రోజంతా ఏ పనీ చేయలేకపోయాను. దయచేసి ఎవరినీ అలా అనకండి.

## నగరాన్ని అడగాల్సినవి

ఫుట్‌పాత్‌లు, టైల్స్ బాగు చేయించడం మన హక్కేనా, దయ చూపిస్తేనే చేస్తారా?

హక్కే. 2016 చట్టం రోడ్లు, భవనాలు, బస్సులు, రైళ్లు అందరూ వాడుకునేలా ఉండాలంటోంది. చూపు సరిగా లేని రాజీవ్ రతూరి 2005లో సుప్రీంకోర్టుకి వెళ్లారు. ఆ కేసులో 2024 నవంబర్ 8న కోర్టు, ఈ ప్రమాణాలు సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరిగా పాటించాల్సిన నియమాలు కావాలని తీర్పు చెప్పింది. దేశంలో పరిస్థితి ఎలా ఉందో చూసి నివేదిక ఇమ్మని కోర్టు అడిగింది మన శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయంలో ఉన్న వైకల్య అధ్యయన కేంద్రాన్నే. ఫిర్యాదు చేసేటప్పుడు చట్టం పేరు రాయండి, స్తంభం నంబరు గానీ షాపు పేరు గానీ రాసి ఫోటో పెట్టండి. మున్సిపాలిటీ పలకకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి రాయొచ్చు.

మా షాపు ముందు బైకులు ఫుట్‌పాత్ మీదే పెడతారు. మీకు నిజంగా అంత ఇబ్బందా?

అవును. కర్ర చక్రాల మధ్యలోకి దూరి ఇరుక్కుంటుంది, హ్యాండిల్ పొట్టలో పొడుస్తుంది, తప్పించుకోవాలంటే రోడ్డు మీదికి దిగాలి. అక్కడ వెనక నుంచి బస్సు వస్తుంది. మా బస్టాపు పక్కనున్న పంక్చర్ షాపు తమ్ముడికి ఇదే చెప్పాను. మర్నాడు అతను గోడ నుంచి మూడడుగులు వదిలి నేల మీద సున్నంతో గీత గీశాడు. వాన పడితే చెరిగిపోతుంది, మళ్లీ గీస్తాడు. కొత్తవాళ్లెవరైనా గీత లోపల బండి పెడితే నేను రాకముందే తీయిస్తాడు. మీ షాపు ముందు కూడా మూడడుగులు చాలు.